పండిత రమాబాయి

పండిత రమాబాయి (1858 ఏప్రిల్ 23 - 1922 ఏప్రిల్ 5) సంస్కృత విదుషీమణి, సంఘసంస్కర్త, రచయిత్రి, స్త్రీ విద్యకు, వితంతువుల పునరావాసానికి జీవితాన్ని ధారపోసిన మహిళ. పదహారేళ్ళ వయసులో కరవు వాతబడి తల్లిదండ్రులను, కొద్దికాలానికే అక్కను, ఇరవైరెండవ ఏట అన్నను, ఇరవైమూడవ ఏట భర్తను పోగొట్టుకున్నది. పసిబిడ్డతో ఒంటరిగా మిగిలిన ఆమె పూనాలోను, ఇంగ్లండులోను, అమెరికాలోను తన జీవితాన్ని మళ్ళీ మళ్ళీ మొదటినుంచి నిర్మించుకున్నది. 1889లో బొంబాయిలో శారదా సదన్‌ను, తరువాత పూనా సమీపంలోని కేడ్‌గావ్‌లో ముక్తి సదన్‌ను స్థాపించి వేలాది నిరాశ్రయ స్త్రీలకు, బాలికలకు నీడ కల్పించింది.

తల్లిదండ్రులు

రమాబాయి తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే చిత్పావన బ్రాహ్మణుడు, గొప్ప సంస్కృత పండితుడు. ఆయన యౌవనంలో పూనాలో చదువుకుంటున్నప్పుడు గురువైన రామచంద్రశాస్త్రి సాఠే వెంట పీష్వా రెండవ బాజీరావు మందిరానికి వెళ్ళేవాడు. గురువు పీష్వా భార్యకు సంస్కృతం చెప్పేవాడు. ఒక స్త్రీ శ్లోకాలను తప్పులేకుండా చదవడం అనంతశాస్త్రికి ఆశ్చర్యం కలిగించింది. తన భార్యకు కూడా చదువు చెప్పాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. కాని ఆయన మొదటి భార్యకు చదువు మీద ఆసక్తి లేకపోయింది, ఇంటి పెద్దలు కూడా అంగీకరించలేదు.

మొదటి భార్య మరణించిన తరువాత తీర్థయాత్ర చేస్తూ గోదావరి తీరంలోని పైఠాన్ క్షేత్రం చేరాడు. అక్కడ స్నానానికి వచ్చిన మరొక యాత్రికుడు ఆయనతో మాటలు కలిపి, వివరాలు తెలుసుకుని, తన కుమార్తె లక్ష్మీబాయిని ఇచ్చి మరునాడే వివాహం జరిపించాడు. అప్పటికి వరుడి వయసు సుమారు 44 సంవత్సరాలు, వధువుకు తొమ్మిదేళ్ళు. ఆ కాలపు బాల్యవివాహాలలో ఇదీ ఒకటి. అయితే లక్ష్మీబాయికి ఈ పెళ్ళివల్ల దక్కింది వంటింటి చాకిరీ మాత్రమే కాదు, కావ్యపురాణాల చదువు కూడా.

స్త్రీకి దేవభాష నేర్పడం శాస్త్రవిరుద్ధమని బంధువులు, గ్రామస్థులు అభ్యంతరం చెప్పారు. అనంతశాస్త్రి ఉడిపిలోని పండిత సభ ముందు నిలబడి శాస్త్ర ప్రమాణాలతో తన పని ధర్మబద్ధమేనని వాదించవలసివచ్చింది. ఆ తరువాత ఊరిలో ఇమడలేక పడమటి కనుమలలో శృంగేరికి సమీపాన ఉన్న గంగమూల అడవిలో (నేటి కర్ణాటక) కుటీరం వేసుకున్నాడు. అడవికి చేరిన తొలి రాత్రి పులి గాండ్రింపులకు చిన్నారి భార్య దుప్పటి కప్పుకుని వణికిపోతుంటే ఆయన తెల్లవార్లూ కాపలా కాశాడట. కాలక్రమాన ఆ కుటీరం చిన్న గురుకులంగా మారింది. శిష్యులు, అతిథులు, యాత్రికులు వస్తూపోతూ ఉండేవారు.

బాల్యం, సంచార జీవితం

రమాబాయి 1858 ఏప్రిల్ 23న గంగమూలలో జన్మించింది. ఆమెకు అక్క కృష్ణాబాయి, అన్న శ్రీనివాసశాస్త్రి ఉన్నారు. అతిథి సత్కారాలకు, దానధర్మాలకు అనంతశాస్త్రి ఆస్తి కరిగిపోయింది. రమాబాయికి ఆరునెలల వయసున్నప్పుడు కుటుంబం గంగమూలను వదిలి తీర్థయాత్రలకు బయలుదేరింది. పసిపిల్లను బుట్టలో పెట్టి మోసుకుపోయారు. అప్పటినుంచి వారికి స్థిరమైన ఇల్లన్నది లేదు.

ఒక క్షేత్రం నుంచి మరొక క్షేత్రానికి కాలినడకన వెళ్ళడం, ఆలయ మండపంలోనో, చెట్టుకిందనో, నదీతీరానో కూర్చుని పురాణం చదవడం వారి వృత్తి. వినవచ్చినవారు పుస్తకం ముందు ఉంచే బియ్యం, పండ్లు, నాణేలే వారి రాబడి. అందులో కూడా కొంత దానధర్మాలకు పోయేది. తండ్రికి వయసు మీరి చూపు మందగించడంతో రమాబాయికి తల్లే గురువు అయింది. తెల్లవారుజామున కూతురిని ఒడిలోకి తీసుకుని నిద్రలేపి తల్లి శ్లోకాలు వల్లె వేయించేది. పన్నెండేళ్ళు దాటేసరికి రమాబాయికి భాగవతంలోని 18,000 శ్లోకాలు కంఠస్థమయ్యాయని చెబుతారు. ఊరూరా తిరగడంవల్ల మరాఠీతోపాటు కన్నడం, హిందీ, తరువాత బెంగాలీ కూడా వచ్చాయి.

పెద్దకూతురు కృష్ణాబాయికి చిన్నతనంలోనే చేసిన పెళ్ళి దుఃఖాన్నే మిగిల్చింది. ఆ అనుభవంవల్ల తల్లిదండ్రులు రమాబాయికి బాల్యవివాహం చేయలేదు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ కన్య పదహారేళ్ళ వరకు అవివాహితగా ఉండడం అరుదైన విషయం.

కరవు - తిరుపతి అడవులలో

1870ల మొదటి భాగంలో మద్రాసు రాష్ట్రంలో కరవు సంభవించింది. పురాణం వినేవారే తిండికి లేక అలమటిస్తుంటే పౌరాణికులకు ఇచ్చేవారెవరు? పాండిత్యం తప్ప మరొక పని తెలియని కుటుంబం అది. కూలికి వెళ్ళడానికి కులగౌరవం అడ్డువచ్చింది, యాచించడానికి అభిమానం అడ్డువచ్చింది. దైవానుగ్రహంకోసం ఉన్న సొమ్మును పూజలకు, వ్రతాలకు, దానాలకు వెచ్చించారు. ఆ తరువాత నగలు, వెండి సామాను, మంచి బట్టలు, చివరికి ఇత్తడి రాగి పాత్రలు కూడా అమ్ముకున్నారు.

అప్పటికి వారు తిరుపతిలో ఉన్నారు. ఆఖరి బియ్యపుగింజ కూడా అయిపోయిన రోజున, తెలిసినవారి మధ్య దరిద్రంతో తలవంచుకుని బ్రతకడంకంటే అడవిలో మరణించడమే మేలని నిశ్చయించుకుని రాత్రివేళ బస విడిచి అడవిలోకి వెళ్ళిపోయారు. పదకొండు రోజులపాటు నీళ్ళు, ఆకులు, అడవిపళ్ళు మాత్రమే వారి ఆహారం. వృద్ధుడైన అనంతశాస్త్రి ఇక నడవలేక జలసమాధి కావాలని నిర్ణయించుకుని పిల్లలను ఒక్కొక్కరినే దగ్గరకు తీసుకుని వీడ్కోలు చెప్పాడు. ఆ సమయంలో శ్రీనివాసుడు కులాభిమానాన్ని పక్కనపెట్టి కూలిపని చేసి అందరినీ పోషిస్తానని ముందుకు రావడంతో ఆ ప్రయత్నం ఆగిపోయింది. కాని అప్పటికే ఆలస్యమైంది. కొద్దిరోజులకే, 1874లో, ఆయన కన్నుమూశాడు.

మిగిలినవారు రాయచూరు వరకు నడిచారు. అక్కడ తల్లి జ్వరంతో మంచంపట్టింది. రమాబాయి మొదటిసారి పొరుగింటి గడప ముందు నిలబడి, మాట పెగలక, ఎలాగో ఒక సజ్జరొట్టె అడిగి తెచ్చింది. తల్లి ఆ రొట్టెను తినలేకపోయింది. భర్త పోయిన కొద్ది వారాలకే లక్ష్మీబాయి కూడా మరణించింది. శవాన్ని శ్మశానానికి మోయడానికి ఎవరూ ముందుకు రాలేదు. చివరికి ఇద్దరు బ్రాహ్మణులు జాలిపడి వచ్చారు. నాలుగవ మనిషి దొరకక రమాబాయే పాడె పట్టింది. పొట్టిగా ఉండడంచేత తన వంతు భారాన్ని భుజంమీద కాక తలమీద పెట్టుకుని మోసింది. ఆ తరువాత కొంతకాలానికి కృష్ణాబాయి కలరా సోకి మరణించింది.

అన్నాచెల్లెళ్ళ పాదయాత్ర

మిగిలిన ఇద్దరూ తల్లిదండ్రుల వృత్తినే కొనసాగిస్తూ ఉత్తర దిక్కుగా నడక సాగించారు. పంజాబు, కాశ్మీరు వరకు వెళ్ళారు. ఒక్కొక్కప్పుడు గుప్పెడు నానబెట్టిన ధాన్యం, కాస్త ఉప్పు తప్ప మరేమీ ఉండేది కాదు. జీలం నది ఒడ్డున చలికి తాళలేక ఇసుకలో గోతులు తవ్వుకుని, తల మాత్రం బయట ఉంచి పొడి ఇసుక కప్పుకుని నిద్రపోయిన రాత్రులున్నాయి. ఇన్ని పూజలు, ఇన్ని యాత్రలు చేసినా తల్లిదండ్రులకు అటువంటి చావు ఎందుకు వచ్చిందన్న ప్రశ్న వారిద్దరి మనసుల్లోను ఈ నడకలోనే మొలకెత్తింది. సంప్రదాయ ఆచారాల మీద వారికున్న విశ్వాసం సడలడం ఇక్కడినుంచే మొదలయింది.

కలకత్తాలో గౌరవం

1878లో అన్నాచెల్లెళ్ళు కలకత్తా చేరుకున్నారు. ఇరవైఏళ్ళ యువతి అనర్గళంగా సంస్కృతంలో మాట్లాడడం, ఆశువుగా శ్లోకాలు చెప్పడం అక్కడి పండితులను విస్మయపరచింది. సెనేట్ హౌస్‌లో పరీక్షించి ఆమెకు పండిత, సరస్వతి అనే బిరుదులు ఇచ్చారు. పండిత అన్న మాట ఆనాటినుంచి ఆమె పేరులో భాగమైపోయింది. నాలుగేళ్ళ క్రితం రొట్టెముక్క కోసం పరాయి గడప ముందు నిలబడిన బాలిక ఇప్పుడు సభావేదికల మీద స్త్రీ విద్య గురించి ఉపన్యాసాలు ఇస్తున్నది.

బ్రహ్మసమాజ నాయకుడు కేశవచంద్ర సేన్ ఆమెకు వేదాల ప్రతిని ఇచ్చి చదవమని ప్రోత్సహించాడు. స్త్రీలు వేదం చదవరాదన్న నమ్మకంలో పెరిగిన ఆమె ఆ నియమాన్ని మొదటిసారి దాటింది. పెద్దమనుషుల ఇళ్ళలోని స్త్రీలకు ధర్మశాస్త్రాలు బోధించమని ఆమెను కోరారు. అందుకోసం ఆ గ్రంథాలను శ్రద్ధగా పరిశీలించినప్పుడు, అనేక విషయాలలో విభేదించే గ్రంథాలు స్త్రీల స్వాతంత్ర్యాన్ని నిరాకరించడంలో ఏకాభిప్రాయంతో ఉన్నాయని ఆమెకు తోచింది.

వివాహం, వైధవ్యం

1880 మే నెలలో శ్రీనివాసశాస్త్రి ఢాకాలో మరణించాడు. చెల్లెలు ఒంటరిదైపోతుందన్నదే చివరి ఘడియల్లో అతని దిగులు. అదే సంవత్సరం రమాబాయి అన్న స్నేహితుడైన విపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని బాంకీపూర్ (పాట్నా)లో 1872 నాటి చట్టం ప్రకారం రిజిస్టరు వివాహం చేసుకున్నది. వరుడు బ్రాహ్మణేతరుడు, పరభాషీయుడు. కులాంతర వివాహం కావడంవల్ల ఇరువైపులవారూ వెలివేశారు. దంపతులు అస్సాం ప్రాంతంలోని సిల్చార్‌లో కాపురం పెట్టారు. రమాబాయి జీవితంలో సొంత ఇల్లు అనేది ఏర్పడడం అదే మొదటిసారి.

1881లో వారికి మనోరమ అనే కుమార్తె జన్మించింది. బాలవితంతువులకోసం ఒక పాఠశాల పెట్టాలని దంపతులు ఆలోచన చేస్తూ ఉండగానే 1882 ఫిబ్రవరి 4న విపిన్ బిహారీ కలరాతో మరణించాడు. పెళ్ళయి రెండేళ్ళు కూడా నిండలేదు. సంఘం దృష్టిలో వైధవ్యం ఒక నేరం, మగపిల్లవాడు లేని వితంతువు మరీ లోకువ. రమాబాయి తల గొరిగించుకుని మూలన కూర్చోవడానికి అంగీకరించలేదు. భర్తతో కలిసి అనుకున్న పనిని ఒంటరిగా చేయడానికి బిడ్డను తీసుకుని పూనా చేరుకున్నది.

పూనాలో కార్యకలాపాలు

పూనాలో మహదేవ గోవింద రానడే మొదలైన ప్రార్థనా సమాజ పెద్దలు ఆమెకు స్వాగతం పలికారు. 1882లో ఆమె ఆర్య మహిళా సమాజాన్ని స్థాపించింది. స్త్రీలకు చదువు చెప్పడం, బాల్యవివాహాలను నిరుత్సాహపరచడం దీని ఆశయాలు. మహారాష్ట్రలోని ఇతర పట్టణాలలో కూడా శాఖలు వెలిశాయి. ఆ సంవత్సరమే స్త్రీ ధర్మనీతి అనే మరాఠీ గ్రంథాన్ని ప్రచురించింది.

అప్పుడు దేశంలో పర్యటిస్తున్న హంటర్ విద్యా సంఘం ముందు రమాబాయి సాక్ష్యం ఇచ్చింది. బాలికల పాఠశాలలకు స్త్రీలనే ఉపాధ్యాయులుగా, పరీక్షాధికారులుగా నియమించాలని, స్త్రీలకు వైద్యవిద్య నేర్పాలని ఆమె కోరింది. మగ వైద్యులకు చూపించుకోవడానికి ఇష్టపడక ఎందరో స్త్రీలు చికిత్స అందక మరణిస్తున్నారని వివరించింది. అటుతరువాత లేడీ డఫరిన్ పేరిట స్త్రీల వైద్యసహాయ నిధి ఏర్పడడానికి దోహదం చేసినవాటిలో ఈ సాక్ష్యం ఒకటని చెబుతారు.

ఇంగ్లండు ప్రయాణం

తానే వైద్యం చదవాలన్న కోరికతో 1883లో రమాబాయి ఇంగ్లండు వెళ్ళింది. ప్రయాణ ఖర్చులకు స్త్రీ ధర్మనీతి అమ్మకాలు ఉపయోగపడ్డాయి. కూతురితోపాటు ఆనందీబాయి భగత్ అనే స్నేహితురాలు కూడా వెంట వెళ్ళింది. వారు వాంటేజ్ పట్టణంలో ఆంగ్లికన్ క్రైస్తవ సన్యాసినుల మఠంలో బసచేశారు. అక్కడ ఉండగా ఆనందీబాయి భగత్ ఆత్మహత్య చేసుకోవడం రమాబాయిని కలచివేసింది. వినికిడి లోపం ముదరడంవల్ల వైద్యవిద్య ఆశ కూడా వదులుకోవలసివచ్చింది.

1883 సెప్టెంబరు 29న రమాబాయి, మనోరమ క్రైస్తవ మతం స్వీకరించారు. భారతదేశంలో ఇది పెద్ద దుమారం రేపింది. నిన్నటివరకు ఆమెను సరస్వతి అని కీర్తించినవారిలో పలువురు విమర్శకులుగా మారారు. జ్యోతిరావు ఫూలే మాత్రం 1885లో వెలువరించిన సత్సార్ సంచికలో ఆమె నిర్ణయాన్ని సమర్థించాడు. మతం మారినా ఆమె శాకాహారాన్ని, చీరకట్టును విడిచిపెట్టలేదు. మత విషయాలలో చర్చి అధికారులు చెప్పినదాన్ని ప్రశ్నించకుండా ఒప్పుకోలేదు. శిలువ మీద లాటిన్ అక్షరాలు ఎందుకు, సంస్కృతం ఎందుకు ఉండకూడదని వాదించింది. ఛెల్టన్‌హామ్ మహిళా కళాశాలలో చదువుతూ సంస్కృతం బోధిస్తున్నప్పుడు, ఆమె మగ విద్యార్థులకు పాఠం చెప్పడం తగదని బిషప్పులు అడ్డుచెప్పగా దానిని గట్టిగా ప్రతిఘటించింది. ఉడిపి సభలో తండ్రి చూపిన స్వభావమే కూతురిలోను కనిపిస్తుంది.

అమెరికాలో

రమాబాయికి దూరపు బంధువైన ఆనందీబాయి జోషి ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్యకళాశాలలో చదివి 1886 మార్చి 11న పట్టా పుచ్చుకున్నది. ఆ ఉత్సవానికి ఆహ్వానంపై రమాబాయి అమెరికా వెళ్ళింది. కొద్దివారాలని వెళ్ళి రెండేళ్ళకు పైగా ఉండిపోయింది. ఒక తీరంనుంచి మరొక తీరం వరకు పర్యటించి ఉపన్యాసాలు ఇచ్చింది. ఫ్రోబెల్ రూపొందించిన కిండర్‌గార్టెన్ పద్ధతిని అభ్యసించింది. స్వదేశం చేరిన ఆనందీబాయి జోషి 1887లో క్షయతో మరణించడం ఆమెకు మరొక దెబ్బ.

1887లో ఆంగ్లంలో రాసిన ది హై కాస్ట్ హిందూ వుమన్ అనే గ్రంథం ఫిలడెల్ఫియాలో వెలువడింది. బాల్యం, వివాహం, వైధవ్యం అనే దశలలో అగ్రవర్ణ హిందూ స్త్రీ స్థితిగతులను వివరించే ఈ పుస్తకం వేల సంఖ్యలో అమ్ముడుపోయింది. ఆ రాబడిని ఆమె పాఠశాల నిధికి చేర్చింది. 1887 డిసెంబరులో బోస్టన్‌లో రమాబాయి అసోసియేషన్ ఏర్పడి పది సంవత్సరాలపాటు ఆర్థికసహాయం చేయడానికి పూనుకున్నది. ఆమె జపాన్, హాంగ్‌కాంగ్ మీదుగా ప్రయాణించి 1889 ఫిబ్రవరిలో బొంబాయి చేరుకున్నది.

శారదా సదన్

1889 మార్చి 11న బొంబాయిలోని చౌపాటీ ప్రాంతంలో శారదా సదన్ ప్రారంభమయింది. ఇది ఉన్నతవర్ణాల వితంతువులకు వసతితో కూడిన పాఠశాల. తొలి విద్యార్థినులలో ఒకరు గోదూబాయి అనే బాలవితంతువు. ఈమెను 1893లో ధోండో కేశవ కర్వే వివాహం చేసుకున్నాడు. తరువాతి కాలంలో వితంతు శరణాలయాన్ని, మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించి భారతరత్న పొందిన కర్వే ఇతడే. రమాబాయి నాటిన విత్తనం ఇలా ఆమె సంస్థకు వెలుపల కూడా ఫలించింది.

1889 డిసెంబరులో బొంబాయిలో జరిగిన కాంగ్రెసు మహాసభకు హాజరైన కొద్దిమంది మహిళా ప్రతినిధులలో రమాబాయి ఉన్నది. అదే సందర్భంలో జరిగిన సాంఘిక మహాసభలో వితంతువుల శిరోముండనానికి వ్యతిరేకంగా మాట్లాడింది. 1890లో శారదా సదన్ పూనాకు మారింది.

సదన్‌లో మతబోధ చేయబోమని ఆమె మొదటే ప్రకటించింది. అయితే ఆమె సొంత ప్రార్థన సమయంలో గది తలుపులు తెరిచి ఉండేవి, కొందరు బాలికలు వచ్చి కూర్చునేవారు. ఇది వివాదానికి దారితీసింది. బాలగంగాధర తిలక్ నడిపిన కేసరి పత్రిక తీవ్రంగా విమర్శించింది. 1893లో రానడే, భండార్కర్ మొదలైన సలహా సంఘ సభ్యులు తప్పుకున్నారు. దాదాపు పాతికమంది బాలికలను తల్లిదండ్రులు తీసుకువెళ్ళిపోయారు. బాలికలకు మతం విషయంలో నిజంగా స్వేచ్ఛ ఉన్నదా, సంరక్షకురాలి ప్రభావం ఎంత అన్నది అప్పుడూ ఆ తరువాతా కూడా చర్చనీయాంశంగానే ఉన్నది. రమాబాయి మాత్రం పాఠశాలను మూసివేయలేదు. మిగిలినవారితోనే కొనసాగించింది.

ముక్తి సదన్

పూనాకు సుమారు 60 కిలోమీటర్ల దూరంలో రైలు స్టేషను ఉన్న కేడ్‌గావ్ వద్ద రమాబాయి నూరు ఎకరాల బీడుభూమి కొన్నది. పండ్లతోటల ఆదాయంతో సంస్థను పోషించాలని ఆమె ఉద్దేశం. బావులు తవ్వించి, నారింజ, నిమ్మ, మామిడి చెట్లు నాటించింది.

1896-97లో మధ్య పరగణాలలో భయంకరమైన కరవు వచ్చింది. ఆ వార్త వినగానే రమాబాయి అక్కడికి బయలుదేరింది. ఎండిన పొలాలు, ఎముకలగూళ్ళ వంటి పిల్లలు ఆమెకు ఇరవైరెండేళ్ళనాటి సొంత కథను కళ్ళముందు నిలిపాయి. దిక్కులేని ఆడపిల్లలను అపహరించి అమ్ముకునే దళారులు శిబిరాల చుట్టూ తిరుగుతున్న కాలమది. ఆమె సుమారు మూడువందలమంది బాలికలను, స్త్రీలను వెంట తీసుకువచ్చింది. అప్పుడే పూనాలో ప్లేగు వ్యాపించి ఉండడంవల్ల కొత్తగా వచ్చినవారిని నగరంలో ఉంచడానికి వీలులేకపోయింది. కేడ్‌గావ్ పొలంలోనే గుడారాలు, పాకలు వేసి వారిని ఉంచారు. ముక్తి సదన్ పుట్టుక ఇది. ప్లేగు ఆసుపత్రులలో స్త్రీల దుస్థితి గురించి ఆమె పత్రికకు రాసిన లేఖ ప్రభుత్వానికి ఇబ్బంది కలిగించింది.

శారదా సదన్ అగ్రవర్ణ వితంతువులకోసం ఏర్పడినది. ముక్తి సదన్‌లో కులం అడగలేదు. 1900లో గుజరాత్ కరవు బాధితులు కూడా చేరడంతో ఆశ్రితుల సంఖ్య దాదాపు రెండువేలకు చేరింది. వంచనకు గురైన స్త్రీలకు కృపా సదన్, అంధులకు బర్తిమయి సదన్ ఏర్పాటు చేసింది. మనోరమ బ్రెయిలీ లిపి నేర్చుకుని అంధ బాలికలకు చదువు చెప్పింది.

ఆకలిని అతి దగ్గరనుంచి చూసిన రమాబాయికి ఒక సంగతి స్పష్టంగా తెలుసు. తన తండ్రికి శాస్త్రాలన్నీ వచ్చు, కాని కరవులో పొట్టపోసుకునే పని ఒక్కటీ రాదు. అందుచేత ముక్తి సదన్‌లో చదువుతోపాటు ప్రతి ఒక్కరికీ ఏదో ఒక చేతిపని నేర్పేవారు. వ్యవసాయం, పాడి, నేత, కుట్టుపని, గానుగ ఆడించడం, బట్టలు ఉతకడం, వంట, రోగులకు పరిచర్య, అచ్చుపని ఇందులో ఉండేవి. అచ్చుయంత్రాన్ని నడపడం, అక్షరాలు కూర్చడం కూడా స్త్రీలే చేసేవారు. ఉపాధ్యాయినులుగా, నర్సులుగా శిక్షణ పొంది బయట జీవనం సాగించినవారు ఎందరో ఉన్నారు. సంస్థ విరాళాలమీద ఆధారపడేది. 1898లో అసోసియేషన్ తొలి పదేళ్ళ గడువు ముగిసినప్పుడు ఆమె మరొకసారి అమెరికా వెళ్ళి సహాయాన్ని కొనసాగేలా చేసింది. 1905లో ముక్తి సదన్‌లో మొదలైన క్రైస్తవ ప్రార్థనా ఉద్యమం దేశవిదేశాలలో చర్చకు వచ్చింది.

చివరి దశ

రమాబాయి చివరి సంవత్సరాలలో హీబ్రూ, గ్రీకు భాషలు నేర్చుకుని, సామాన్య స్త్రీలకు కూడా అర్థమయ్యే సులభమైన మరాఠీలోకి బైబిలును అనువదించే పని చేపట్టింది. వినికిడి దాదాపు పూర్తిగా పోయింది. ఆరోగ్యం క్షీణించింది. సంస్థ బాధ్యతలు క్రమంగా మనోరమకు అప్పగించింది. నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో 1912లో రమాబాయి నెలకొల్పిన పాఠశాలకు కూడా మనోరమే ప్రధానోపాధ్యాయిని. 1919లో బ్రిటిష్ ప్రభుత్వం రమాబాయికి కైసర్-ఎ-హింద్ పతకం ఇచ్చింది.

తన తరువాత మనోరమ సంస్థను నడుపుతుందని తల్లి ఆశ. కాని 1921 జూలై 24న మనోరమ తల్లికంటే ముందే మరణించింది. తల్లి, తండ్రి, అక్క, అన్న, భర్త, చివరికి కూతురు - రమాబాయి కుటుంబంలో మిగిలినది ఆమె ఒక్కతే. అప్పటికీ పని ఆపలేదు. సంస్థ బాధ్యతలకు ఏర్పాట్లు చేసి, బైబిలు అనువాదం అచ్చుప్రతులను దిద్దుతూ గడిపింది. ఆ పని ముగిసిన కొద్దిరోజులకే 1922 ఏప్రిల్ 5న కేడ్‌గావ్‌లో మరణించింది. అప్పటికి ఆమెకు 64 సంవత్సరాలు నిండలేదు. అనువాదం 1924లో వెలువడింది.

ముఖ్య రచనలు

* స్త్రీ ధర్మనీతి (మరాఠీ, 1882)
* ది హై కాస్ట్ హిందూ వుమన్ (ఆంగ్లం, 1887)
* అమెరికా సంయుక్త రాష్ట్రాల లోకస్థితి, ప్రయాణ వృత్తాంతం (మరాఠీ, 1889)
* ఆత్మకథాత్మక రచన ఎ టెస్టిమొనీ (ఆంగ్లం, 1907) - తిరుపతి అడవుల అనుభవాన్ని ఆమె ఇందులో వివరించింది
* బైబిలు మరాఠీ అనువాదం (1924)

గుర్తింపు

మతమార్పిడి కారణంగా రమాబాయి పేరు చాలాకాలం సంస్కరణోద్యమ చరిత్రలో వెనుకబడింది. ఇరవయ్యవ శతాబ్దం చివరి భాగంలో స్త్రీల చరిత్ర మీద పరిశోధనలు పెరగడంతో ఆమె రచనలు మళ్ళీ వెలుగులోకి వచ్చాయి. భారత తపాలా శాఖ 1989లో ఆమె స్మారకంగా తపాలా బిళ్ళ విడుదల చేసింది. శుక్రగ్రహం మీద ఒక బిలానికి ఆమె పేరు పెట్టారు. కేడ్‌గావ్‌లోని సంస్థ పండిత రమాబాయి ముక్తి మిషన్ పేరుతో నిరాశ్రయ స్త్రీలకు, పిల్లలకు, వికలాంగులకు నేటికీ సేవలందిస్తున్నది.

ఆమె మత విశ్వాసాలతో ఏకీభవించేవారు, ఏకీభవించనివారు కూడా అంగీకరించే విషయం ఒకటున్నది. తన దుఃఖాన్ని ఆమె తనకే దాచుకోలేదు. కరవులో తనకు ఎదురైన ఆకలి, వైధవ్యంలో ఎదురైన ఒంటరితనం మరొక ఆడపిల్లకు ఎదురైనప్పుడు ఆమె వెళ్ళి నిలబడేందుకు ఒక గడపను కట్టి వెళ్ళింది.